హామ్‌స్టర్ రెండేళ్లకే ఎందుకు ముసలిదవుతుంది?

వరి కోతలు దగ్గరపడేటప్పుడు నంద్యాల చుట్టూ కె.సి. కాలువ కింది మాగాణుల్లోనూ, ఆళ్లగడ్డ వైపు తెలుగుగంగ ఆయకట్టులోనూ గట్ల వెంబడి నడిస్తే, కలుగుల నోళ్ల దగ్గర కొత్తగా తోడిపోసిన మట్టి కుప్పలు కనిపిస్తాయి. అది పందికొక్కు పని. తవ్వి చూస్తే లోపల ఒక అరలో కొరికి తెచ్చుకున్న వరి కంకులు, మరో అరలో గడ్డి పరుపు, దాని మీద కళ్లు తెరవని పిల్లలు. ఆ తల్లికి చాలామటుకు ఏడాది కూడా నిండి ఉండదు. వచ్చే ఏటి కోతలు అది చూడదు. దాని పిల్లల పిల్లలు మాత్రం అదే గట్టును తవ్వుతూ ఉంటాయి.

ఇలాంటి కలుగు జీవి ఇంకొకటి ఈ మధ్య మన పట్టణాల ఇళ్లలోకి పంజరంలో వచ్చి చేరుతోంది. దాని పేరు గోల్డెన్ హామ్‌స్టర్. తేనెరంగు బొచ్చు, ఉందో లేదో అన్నట్టు ఉండే తోక, గింజలు కుక్కుకుంటే ఉబ్బిపోయే బుగ్గలు. పిల్లలు ముచ్చటపడి పెంచుకుంటారు. ఏడాదిన్నర గడిచేసరికి దాని నడక మందగిస్తుంది, ఒంటి మీద బొచ్చు పలచబడుతుంది, రాత్రంతా తిప్పిన చక్రం జోలికి పోదు. రెండేళ్లు దాటాక ఒక పొద్దున ఇక లేవదు. ‘దీనికి ఏం జబ్బు చేసింది? మనం ఏం తప్పు చేశాం?’ అని పిల్లలు ఏడుస్తారు. వాళ్లకు నిజం చెప్పాలి. చాలాసార్లు అక్కడ ఎవరి తప్పూ ఉండదు. అది ముసలితనం. మనిషి ఒంట్లో డెబ్బై ఎనభై ఏళ్లు పట్టే మార్పు దాని ఒంట్లో రెండేళ్లకే పూర్తవుతుంది. అంత తొందర ఎందుకన్నది జీవశాస్త్రంలో లోతైన ప్రశ్నల్లో ఒకటి. దానికి కావలసిన సాక్ష్యం కొంత నంద్యాల జిల్లాలోనే, పొలం గట్లలోనూ సున్నపురాతి గుహల్లోనూ ఉంది.

ముందు ఈ జీవి పుట్టిల్లు ఎక్కడో చూద్దాం. దక్షిణ భారతంలో అడవి హామ్‌స్టర్లు లేవు. దీని సొంత నేల సిరియాలోని అలెప్పో పీఠభూమి, దాన్ని ఆనుకున్న దక్షిణ టర్కీ. 1839లో జార్జ్ వాటర్‌హౌస్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త దీన్ని వర్ణించి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ తర్వాత తొంభై ఏళ్లు దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. దాన్ని మళ్లీ వెతికించింది కాలా అజార్, అంటే బెంగాల్, బీహార్ ప్రాంతాల్లో లక్షల మందిని బలిగొన్న జ్వరం. జెరూసలేంలో ఆ జబ్బు మీద పనిచేస్తున్న సాల్ ఆడ్లర్‌కు ప్రయోగాలకు హామ్‌స్టర్లు కావాలి. చైనా నుంచి తెప్పించుకున్నవి పెంపకంలో సరిగా పిల్లలు పెట్టలేదు. దగ్గర్లో దొరికే జాతి కోసం వెతుకులాట మొదలైంది. హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన ఇజ్రాయెల్ అహరోనీ 1930 ఏప్రిల్ 12న అలెప్పో దగ్గర ఒక గోధుమ చేను తవ్విస్తే, ఒక తల్లి, 11 పిల్లలు దొరికాయి. బెదిరిన తల్లి తన పిల్లల్నే చంపడం మొదలుపెట్టింది. ప్రాణాలతో మిగిలిన కొన్నింటిలో ఒక అన్నాచెల్లెలి జంట నుంచి కొత్త సంతతి పుట్టింది. ఏడాది తిరిగేసరికి అవి నూట యాభై దాకా అయ్యాయి. 1931లో ఆడ్లర్ కొన్నింటిని కోటు జేబుల్లో పెట్టుకుని లండన్ చేర్చాడు. ఈ రోజు ప్రపంచంలోని ప్రయోగశాలల్లోనూ ఇళ్లలోనూ ఉన్న గోల్డెన్ హామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ ఒక్క కలుగు సంతానమే.

ఇంత తక్కువ జంతువుల నుంచి అంత త్వరగా అన్ని ఎలా పుట్టాయంటే, దాని జీవిత క్యాలెండర్ అలాంటిది. గర్భం 16 రోజులు. మావి ఉన్న క్షీరదాల్లో ఇంతకన్నా పొట్టి గర్భం ఇంకే జాతికీ లేదు. కాన్పుకు ఎనిమిది నుంచి పన్నెండు పిల్లలు. బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. రెండు వారాలకు కళ్లు తెరుస్తాయి, మూడు వారాలకు పాలు మానేస్తాయి. నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆ పిల్లే తల్లి కాగలదు. ఆడది నాలుగు రోజులకోసారి ఎదకు వస్తుంది. ఈ వేగానికి తగ్గట్టే ముగింపు కూడా తొందరగానే వస్తుంది. ఏడాది దాటాక కాన్పుకు పుట్టే పిల్లల సంఖ్య తగ్గుతుంది, పద్నాలుగు పదిహేను నెలలకు చాలా ఆడవి పిల్లలు పెట్టడం ఆపేస్తాయి. సగటు ఆయుష్షు రెండేళ్లు. మూడేళ్లు దాటేవి కొద్దిగా ఉన్నాయి, నాలుగేళ్లకు చేరువైనవి బహు అరుదు. ముసలివాటి మూత్రపిండాలు గట్టిపడతాయి, కాలేయంలోనూ మూత్రపిండాల్లోనూ అమిలాయిడ్ అనే ప్రొటీను పేరుకుంటుంది, గుండె పైగదుల్లో రక్తం గడ్డకడుతుంది. ఈ అమిలాయిడ్ ఆడవాటిలో ఎక్కువ. మన అనుభవానికి విరుద్ధంగా, ప్రయోగశాలల్లో మగ హామ్‌స్టర్లే ఆడవాటికన్నా కాస్త ఎక్కువ కాలం బతకడానికి అది ఒక కారణం.

ఆ ముసలితనం పైకి కనబడేదే కాదు, ఒంటి లోపలి రక్షణలోనూ ఉంటుందని కోవిడ్ రోజుల్లో స్పష్టంగా తెలిసింది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్‌ను మనుషులకన్నా ముందు పరీక్షించిన జంతువుల్లో ఈ హామ్‌స్టర్ ఉంది. ఆ పని పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థలో జరిగింది. అదే కాలంలో జర్మనీలో చేసిన ప్రయోగంలో, వయసు మళ్లుతున్న హామ్‌స్టర్లు కుర్రవాటికన్నా ఎక్కువ బరువు తగ్గి, ఆలస్యంగా కోలుకున్నాయి. అందులో పెద్దవాటి వయసు ఎనిమిది నెలలు కూడా లేదు. మన ఇళ్లలో తాతయ్యలకూ మనవళ్లకూ మధ్య చూసిన తేడా ఆ కొద్ది నెలల మధ్యే కనిపించింది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. చిన్న జంతువు గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఒళ్లు వేగంగా మండుతుంది, కాబట్టి వేగంగా అరిగిపోతుంది అని చాలాకాలం అనుకున్నారు. 1928లో రేమండ్ పెర్ల్ ఈ వాదానికి పుస్తకరూపం ఇచ్చాడు. వినడానికి బాగుంటుంది. కానీ కర్నూలు, నంద్యాల జిల్లాల సున్నపురాతి గుహల్లో తలకిందులుగా వేలాడే గబ్బిలాలు ఆ వాదాన్ని కూలగొడతాయి. చాలా గబ్బిలాలు హామ్‌స్టర్‌కన్నా చిన్నవి. ఎగిరేటప్పుడు వాటి గుండె నిమిషానికి వందల సార్లు కొట్టుకుంటుంది. అయినా అదే బరువున్న ఎలుకలతో పోలిస్తే గబ్బిలాలు ఎన్నో రెట్లు ఎక్కువ బతుకుతాయి. సైబీరియాలో గుర్తు కట్టి వదిలిన ఒక మగ గబ్బిలం 41 ఏళ్ల తర్వాత మళ్లీ దొరికింది. ఆ జాతి బరువు సుమారు ఏడు గ్రాములు. హామ్‌స్టర్ బరువు నూట పాతిక గ్రాముల పైమాటే. అరుగుదలే కారణమైతే లెక్క తారుమారు కావాలి.

సరైన దారి చూపినవాళ్లలో జె.బి.ఎస్. హాల్డేన్ మొదటివాడు. హంటింగ్టన్ వ్యాధి మనిషిని నడివయసులో, అప్పటికే పిల్లలు పుట్టాక పట్టుకుంటుంది. అందుకే ప్రకృతి ఎంపిక ఆ చెడ్డ జన్యువును ఏరివేయలేకపోతోందని 1941లో ఆయన రాశాడు. ఈ హాల్డేన్ మనకు పరాయివాడు కాదు. 1957లో ఇంగ్లండ్ వదిలి మన దేశానికి వచ్చేశాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఆయన దగ్గర పరిశోధన చేసి, తర్వాత ఆయన జీవితాన్నీ శాస్త్రాన్నీ గ్రంథస్థం చేశాడు. 1964లో భువనేశ్వర్‌లో హాల్డేన్ కన్నుమూసినప్పుడు, ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. ముసలితనం గురించి అంత ముందుచూపుతో ఆలోచించిన మనిషి చివరికి తెలుగు వైద్య విద్యార్థులకు పాఠమయ్యాడని తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆ ఆలోచనను 1952లో పీటర్ మెడవర్ పూర్తి చేశాడు. దాన్ని మన గట్టు మీది కలుగుకే అన్వయించి చూడండి. ముసలితనమే లేని ఎలుక ఒకటి పుట్టిందనుకుందాం. దానికి మాత్రం గుడ్లగూబ తప్పుతుందా? జెర్రిపోతు కలుగులోకే వస్తుంది. గుంటనక్క, ముంగిస, అడవిపిల్లి, పైన గద్ద. మడికి నీళ్లు పెడితే కలుగు మునుగుతుంది. అలా ఏడాది తిరిగేసరికి వందలో పది కూడా మిగలవనుకుంటే, రెండో ఏట బయటపడే జన్యులోపం వల్ల జాతికి నష్టమేముంది? ఆ వయసు చూసే జీవి దాదాపు లేదు. అలాంటి లోపాలు ఏరివేతకు అందకుండా తరతరాలుగా పోగుపడతాయి. 1957లో జార్జ్ విలియమ్స్ ఇంకో మెట్టు ఎక్కాడు: కుర్రతనంలో మేలు చేసే జన్యువు ముసలితనంలో కీడు చేసేదైనా సరే, ఎంపిక దాన్నే నిలుపుతుంది. 1977లో టామ్ కర్క్‌వుడ్ దీన్ని ఖర్చుల లెక్కగా మార్చాడు. తిన్న తిండిలోంచి ఒంటి మరమ్మతుకు ఎంత, సంతానానికి ఎంత? కుందూ ఒడ్డున ఏటా వరదకు కొట్టుకుపోయే కొట్టానికి ఎవరూ రాతి పునాది వేయరు. ఆ డబ్బు విత్తనాల మీద పెడతారు. చావు ఎటూ త్వరలోనే ఉన్న జంతువు ఒంటి మరమ్మతును పొదుపు చేసి, ఆ శక్తిని పిల్లల మీద పెడుతుంది. గబ్బిలం దీనికి వ్యతిరేక దిశలో వెళ్లింది. ఎగరగలదు, రాత్రి తిరుగుతుంది, పగలు గుహలో దాక్కుంటుంది, శత్రువులు తక్కువ. అందుకే చాలా జాతులు కాన్పుకు ఒకే పిల్లను కని, ఒంటిని ఏళ్ల తరబడి కాపాడుకుంటాయి.

ఇది కథగా మిగిలిపోకుండా నేల మీద పరీక్షించినవాడు స్టీవెన్ ఆస్టాడ్. అమెరికాలోని జార్జియా తీరంలో సపెలో అనే దీవి ఉంది. ఒపోసమ్ అనే సంచి జంతువును వేటాడే పెద్ద క్షీరదాలు ఆ దీవిలో లేవు, ప్రధాన భూభాగంలో ఉన్నాయి. 1993లో ఆస్టాడ్ ప్రకటించిన ఫలితాల ప్రకారం దీవి ఒపోసమ్‌లు ఎక్కువ కాలం బతికాయి, కాన్పుకు తక్కువ పిల్లలు కన్నాయి, వాటి తోక స్నాయువుల పీచు కూడా మెల్లగా గట్టిపడింది. వేల ఏళ్లుగా శత్రువు దూరంగా ఉంటే ముసలితనమే మెల్లగా నడిచింది. ముసలితనం మీద చదివిన పరిశోధనల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఖరీదైన పరికరమేదీ అక్కర్లేకుండా, ఓపికగా జంతువుల వెంట తిరిగి తేల్చిన నిజం ఇది.

సైబీరియా గబ్బిలం చలికాలమంతా నిద్రపోతుంది కదా, అందుకే అన్నేళ్లు బతికిందేమో అని ఎవరైనా అడగొచ్చు. అందులోనూ నిజముంది, అది హామ్‌స్టర్ బంధువులోనే తేలింది. చార్లెస్ లైమన్ బృందం టర్కీ హామ్‌స్టర్లను చలిలో ఉంచి, అవి చచ్చిపోయేదాకా గమనించింది. జీవితంలో ఎక్కువ భాగం చలినిద్రలో గడిపినవి, తక్కువ నిద్రపోయినవాటికన్నా ఎక్కువ కాలం బతికాయని 1981లో ప్రకటించింది. గోల్డెన్ హామ్‌స్టర్‌కూ చలినిద్ర వస్తుంది. పగటి వెలుతురు పన్నెండున్నర గంటలకన్నా తగ్గితే దాని బీజకోశాలు కుంచించుకుపోయి సంతానోత్పత్తి ఆగుతుంది, ఒళ్లు చలికి సిద్ధమవుతుంది. నంద్యాలలో శీతాకాలపు పగలు పదకొండు గంటల పైచిలుకే అయినా, రాత్రి పొద్దుపోయేదాకా వెలిగే ఇంటి దీపం దానికి పగటిలాగే తోస్తుంది. పైగా మన శీతాకాలంలో ఆ చలీ లేదు. అందువల్ల మన ఇళ్లలో అది ఏడాది పొడవునా వేసవి బతుకే బతుకుతుంది.

వెలుతురు అంటే గుర్తొచ్చింది, దీని మెదడులోని గడియారం గురించి చెప్పాలి. 1988లో మార్టిన్ రాల్ఫ్, మైకేల్ మెనకర్ ఇరవై గంటలకే రోజు ముగించే హామ్‌స్టర్‌ను కనుగొన్నారు. ఒకే ఒక్క జన్యుమార్పు దానికి కారణం. ఆ జన్యువును ఒక్క వైపు నుంచే పొందిన హామ్‌స్టర్లను ఇరవై నాలుగు గంటల వెలుగుచీకట్లలో ఉంచితే, లోపలి గడియారమూ బయటి రోజూ పొసగక వాటి ఆయుష్షు తగ్గింది. లయ చెదిరిన ముసలి హామ్‌స్టర్ల మెదడులో పిండదశ గడియారపు కణాలను నాటితే అవి నెలల తరబడి ఎక్కువ బతికాయి. రాల్ఫ్, హర్డ్ 1998లో ప్రచురించిన ఈ ఫలితం, ముసలితనం అంటే అవయవాలు అరగడమే కాక వాటి మధ్య సమయం తప్పడం కూడా అని చెబుతుంది. ఇంకో విచిత్రం: పంజరంలో రాత్రి తిరిగే ఈ జంతువు సొంత నేల మీద పగలు తిరుగుతుంది. రోల్ఫ్ గాటర్‌మన్ బృందం టర్కీ పొలాల్లో ఆడ హామ్‌స్టర్లను గమనించి 2008లో ఈ సంగతి బయటపెట్టింది. రోజుకు సుమారు గంటసేపే అవి నేల మీదికి వస్తాయి, మిగతాదంతా కలుగులోనే. ఆ గంటలోనే గద్దా, పామూ, మనిషీ ఎదురయ్యేది.

తిండి సంగతి మాత్రం మన చేతిలో ఉంది. 1935లో క్లైవ్ మెకే బృందం ఎలుకలకు పోషకాలు తగ్గకుండా కేలరీలు మాత్రం తగ్గిస్తే ఆయుష్షు పెరిగిందని చూపింది. దీనికి ఎదురు దిశలో ఉన్న ఉదాహరణ హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో పుట్టింది. కూనూరులో 1920ల నుంచి పెంచుతూ వచ్చిన తెల్ల ఎలుకల సంతతిని ఆ సంస్థ తనతోపాటు హైదరాబాద్‌కు తెచ్చుకుంది. ఆ సంతతిలో 1990లలో వాటంతటవే ఊబకాయపు ఎలుకలు బయటపడ్డాయి. వాటికి ఆకలి ఎక్కువ, ముసలితనపు జబ్బులు తొందరగా వస్తాయి, మామూలు ఎలుకలంత కాలం బతకవు. ముసలితనాన్ని అర్థం చేసుకోవడానికి మన తెలుగు నేల ప్రపంచానికి ఇచ్చిన జంతువు అది. నంద్యాల పొద్దుతిరుగుడుకు పేరున్న ప్రాంతం; 1906 నాటి ఇక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం ఆ పంటలో సంకర రకాలు కూడా తెచ్చింది. ఆ గింజలంటే హామ్‌స్టర్‌కు ప్రాణం, పిల్లలకేమో పెట్టడం సరదా. నూనె ఎక్కువగా ఉన్న ఆ గింజలే రోజూ కడుపునిండా పెడితే చక్రం దిగని జంతువు కూడా కొవ్వు పడుతుంది. రోజుకు ఒకటో రెండో చాలు. మిగతాది జొన్న, సజ్జ, కొర్ర, కాస్త ఆకుకూర, అప్పుడప్పుడు ఉడికిన గుడ్డు ముక్క.

పొలానికి తిరిగి వద్దాం, ఎందుకంటే ఈ శాస్త్రం అక్కడ రైతు డబ్బుతో ముడిపడి ఉంది. పందికొక్కు గర్భం మూడు వారాలకు కాస్త అటూ ఇటూ. కాన్పుకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలు మామూలు. పంట చేతికొచ్చే వేళకు మందు పెడితే కళ్లముందు ఎలుకలు చస్తాయి, మనసుకు ఊరట. కానీ చావును తట్టుకోవడానికే తీర్చిన జీవితం వాటిది. మిగిలిన కొద్దిపాటి జంతువులకు తలా ఎక్కువ గింజ, ఎక్కువ కలుగులు దొరుకుతాయి, ఇంకా వేగంగా పిల్లలు పెడతాయి. అందుకే దెబ్బ పడాల్సింది అవి తక్కువగా ఉండి, పిల్లలు పెట్టడం మొదలుపెట్టక ముందు; అదీ ఊరి పొలాలన్నిట్లో ఒకేసారి. తొంభై ఆరు పాళ్లు నూకలు, రెండు పాళ్లు నూనె, రెండు పాళ్లు బ్రోమోడయోలోన్ కలిపిన ఎర వ్యవసాయశాఖ చెప్పే లెక్కే. ఒక్క రైతు పెట్టి పక్క రైతు ఊరుకుంటే ఖాళీ అయిన కలుగులు వారాల్లో నిండుతాయి. గట్లు సన్నగా కొట్టడం కలుగుకు చోటు లేకుండా చేస్తుంది. గుడ్లగూబలు వాలడానికి పొలంలో కొయ్యలు నాటడం మంచిదే, కానీ మందు తిని తూలుతున్న ఎలుకను గుడ్లగూబ తింటే ఆ విషం దానికీ చేరుతుంది. చచ్చిన ఎలుకలను ఏరి పాతిపెట్టడం అందుకే ముఖ్యం.

విడివిడి ప్రాణాలు ఇంత పొట్టివైనా జాతులు ఎంత గట్టివో తెలియాలంటే బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహలకు వెళ్లాలి. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వి తీసిన ఎముకలను 1886లో రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించాడు. వాటిలో పందికొక్కుల జాతివి, మెట్ట ఎలుకలవి, ముళ్లపందివి ఉన్నాయి. 2014లో ప్యాట్రిక్ రాబర్ట్స్ బృందం ఆ గుహల పొరలకు కాలం కట్టి, గుర్తుపట్టిన 21 రకాల క్షీరదాల్లో 20 కనీసం లక్ష ఏళ్లుగా ఈ ఉపఖండంలో నిలిచి ఉన్నాయని తేల్చింది. వానలు మారాయి, కరువులు వచ్చాయి, మనిషి వచ్చాడు. ఏడాది బతికే ప్రాణులు తరాల మీద తరాలు మార్చుకుంటూ ఆ మార్పులన్నిటినీ దాటాయి. గోల్డెన్ హామ్‌స్టర్‌కు ఆ అదృష్టం ఖాయం కాదు. సిరియా, టర్కీ రైతులకు అది పంట తినే ఎలుక. మందు పెట్టి చంపుతారు. అది బతికే నేల చిన్నది, ఆ నేలా తగ్గిపోతోంది. ప్రపంచమంతా పంజరాల్లో లక్షలుగా ఉన్న జంతువు సొంత గడ్డ మీద అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది.

ఇంట్లో హామ్‌స్టర్ ఉన్నవాళ్లకు నాదొక మనవి. దాని కలుగు సొంత నేలలో సగటున 65 సెంటీమీటర్ల లోతున ఉంటుంది. అక్కడికి ఎండ వేడి అందదు. నంద్యాల మే నెలలో 44 డిగ్రీలు దాటే మధ్యాహ్నం వరండాలో ఉంచిన పంజరం దాన్ని ఒక్క పూటలో చంపగలదు. చల్లని గదిలో, నేల మీద, తవ్వుకోవడానికి లోతైన పొట్టుతో ఉంచండి. ఇది ఒంటరి జీవి, పెద్దయ్యాక రెండింటిని కలిపి పెడితే చంపుకుంటాయి. ఏడాది దాటిన ఆడదాని చేత కాన్పు చేయించకండి. ఏడాదిన్నర దాటాక చక్రాన్నీ మెట్లనూ తగ్గించి, నీళ్ల సీసాను కిందికి దించండి. పళ్లు పెరిగి వంకర తిరిగాయేమో, బరువు తగ్గుతోందేమో వారానికోసారి చూడండి, తేడా కనిపిస్తే పశువైద్యుడికి చూపించండి. పిల్లలకు మాత్రం దాన్ని కొన్న రోజే చెప్పండి, ఇది రెండేళ్లు బతుకుతుందని, ఆ రెండేళ్లే దానికి నిండు నూరేళ్లని.